బాలకళాకారులును చట్టమును

నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల యంచున నున్న యొక గ్రామమున, సంతనాటి సాయంకాలము, మేము మా విద్యార్థులతో గూడ నొక ఆటను చూచితిమి. రెండు జతల కఱ్ఱలను కత్తెరవలె పాతి, వాని నడుమ త్రాడు బిగించియుండిరి. ఏడెనిమిదేండ్ల బాలిక చేత వెదురుగడ పట్టుకొని ఆ త్రాటిపై నడచుచుండెను. క్రింద తండ్రి డప్పు వాయించుచుండెను. తల్లి పళ్లెము పట్టుకొని గుంపు చుట్టును దిరుగుచుండెను. నడుమ బాలిక కాలు తడబడి మరల నిలదొక్కుకొన్నప్పుడు జనులు మునుపటికంటె గట్టిగా చప్పట్లు గొట్టిరి. ఆ చప్పట్లలో మావియు గలవు. పళ్లెములో మేమును పది రూపాయల నాణెము వేసితిమి.

ఆ రాత్రియే ఒక మిత్రుని యింట భోజనమునకు గూర్చుండియుండగా, దూరదర్శినిలో పిల్లల నృత్యపు పోటీ వచ్చుచుండెను. అందాడుచున్న బాలికకును ఇంచుమించుగా ఆ వయస్సే. ఇంటివారందఱు ముచ్చటపడి చూచిరి. ఆటకు ముందు తెఱమీద, ఇందు పాల్గొన్న పిల్లలకు ఎట్టి హింసయు నిర్లక్ష్యమును కలుగకుండ తగిన జాగ్రత్తలు తీసికొంటిమను ప్రకటన కనబడి మాయమైనది.

మఱునాడు తరగతిలో ఒక బాలుడు లేచి, "సారూ, త్రాడుమీద నడిచిన ఆ పిల్ల ఏ తరగతి సదువుతది?" అని యడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. సాయంకాలము వారు దిగిన మఱ్ఱిచెట్టు క్రిందికి బోయి చూడగా మూడు రాళ్ల పొయ్యియు, కొంత బూడిదయు మాత్రమే మిగిలియుండెను.

ఈ యిద్దఱు బాలికలలో నొకతెకు చట్టము అనుమతిపత్ర మిచ్చినది, పనిగంటలు నిర్ణయించినది, ఆమె సంపాదనలో కొంత భాగమును బ్యాంకులో దాచిపెట్టించినది. రెండవయామెకు 'కూడదు' అను నొక్క మాట చెప్పి తన దారిని దాను బోయినది. ఈ భేద మెట్లు కలిగినదో విచారించుటకే ఈ వ్యాసము.

పిల్లల చేత ఆడించుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన పని కాదు. పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రములో, శివరాత్రికి శ్రీశైలమునకు బోవు జనులను, వారి నడుమ గానవచ్చు వేషగాండ్రను, పాటకులను, బొమ్మలాటవారిని వర్ణించియున్నాడు. ఆ శ్రీశైలమునకు ఉత్తరద్వారమని చెప్పబడు ఉమామహేశ్వరము నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేటకు సమీపమున నున్నది. పశ్చిమద్వారమైన అలంపురము గద్వాల జిల్లాలోనిది. కావున యాత్రికుల వెంట ఆటపాటలవారు నడచిన దారులలో కొన్ని మన యూళ్లమీదుగానే పోయినవి. గద్వాల, వనపర్తి సంస్థానముల ప్రభువులు పండితులను, కవులను పోషించిరి. వారి పేళ్లు గ్రంథములలో నిలిచినవి. వీథిలో నాడినవారి పేళ్లు నిలువలేదు. అలంపురము ప్రాంతమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను ప్రకటించి, రాజుల కథలను గాక ప్రజల యాచారములను, ఆటలను, వినోదములను చరిత్రగా జూపిరి. ఆ గ్రంథము 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానమును పొందినది. ఆటలకు చరిత్ర యున్నదని వారు నేర్పిరి. ఆడిన పిల్లలకును చరిత్ర గలదని గ్రహించుట మన వంతు.

ఆ చరిత్రలో రాజశాసనము మొదట చూచినది పిల్లను గాదు, సంచారిని. 1871 నాటి నేరస్థజాతుల చట్టము ఊరూర దిరిగి బ్రదుకు పెక్కు తెగలను పుట్టుకతోనే దొంగలని యెంచినది. 1911 తరువాత అది మదరాసు రాజధానికిని విస్తరించినది. 1952లో గాని అది పూర్తిగా రద్దు కాలేదు. ఊరివారికిని ఆ చూపే యలవాటైనది. దొమ్మరి యను కులనామమును మనము నేటికిని తిట్టుగా వాడుచున్నాము. త్రాటిపై నడచు నేర్పును చూచి చప్పట్లు గొట్టిన నోటితోనే ఆ నేర్పుగలవారి పేరును నిందగా బలుకుట చదువుకొన్న కుటుంబములకు తగిన పని కాదు.

పిల్లను పిల్లగా జూచిన చట్టము 1933లో వచ్చినది. 1929 మొదలు 1931 వఱకు పనిచేసిన రాయల్ లేబరు కమిషను, తలిదండ్రులు బయానా పుచ్చుకొని పిల్లల శ్రమను కుదువబెట్టుట దేశమున గలదని తెలిపెను. దానిపై చేయబడినదే పిల్లల శ్రమను కుదువబెట్టుటను నిషేధించు చట్టము. పదునైదేండ్ల లోపు బిడ్డ శ్రమను ధనమునకు బదులుగా ఒప్పగించు ఒడంబడిక చెల్లదని అది శాసించినది. బిడ్డకు హాని లేక, తగిన కూలి తప్ప వేఱు ప్రతిఫలము లేక, వారము దినముల నోటీసుతో విడిచిపోవుటకు వీలున్న ఒప్పందములను మాత్రము మినహాయించినది. కుదువబెట్టిన తలిదండ్రులకు 50 రూపాయల వఱకును, కుదువ బట్టినవానికి 200 రూపాయల వఱకును జరిమానా విధించినది. పేదవాని తప్పిదముకంటె దానిని కొన్నవాని తప్పిదము నాలుగింతలని ఆ యంకెల భావము. తండ్రి సమ్మతించినంత మాత్రమున బిడ్డ శ్రమ న్యాయముగా అమ్ముడుపోదను సూత్రము అందు స్పష్టముగా నున్నది. ఆ సూత్రమునే ఈ వ్యాసము తుదివఱకు పట్టుకొని నడుచును.

కాని ఆ చట్టము బ్రిటిషు ఇండియాది. కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న నడిగడ్డయు, నాగర్‌కర్నూలు తాలూకాయు నిజాము రాజ్యములోనివి. తుంగభద్ర దాటినచో కర్నూలు, అనగా మదరాసు రాజధాని. అలంపురమున ఆడిన బృందము ఏఱు దాటి కర్నూలున నాడినచో, అదే బిడ్డకు ఒక యొడ్డున ఒక చట్టము, ఇంకొక యొడ్డున మఱియొకటి. నిజాము రాజ్యమున అప్పు తీఱువఱకు జీతముండు భగేలా పద్ధతి ప్రబలియుండెను. 1936లో దానిని గూర్చి శాసనము వచ్చినను, అది ప్రధానముగ వ్యవసాయపు జీతగాండ్రను ఉద్దేశించినది. డప్పు దరువున కాడు బిడ్డ దాని దృష్టిలో లేదు.

దేవుని పేర ఆడింపబడిన బాలికల మాటయు నిచట చెప్పవలెను. పాలమూరు ప్రాంతమున జోగిని యను పేర చిన్న బాలికలను దేవతకు సమర్పించి, జాతరలలో నాడించి, తరువాత వారి జీవితమును ఊరి పెద్దల యిచ్చకు విడిచిన దురాచారము మన కెఱుకయే. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి చిరకాల కృషి ఫలితముగా మదరాసు రాజధానిలో 1947లో దేవదాసీ సమర్పణ నిషేధచట్టము చేయబడినది. ఆంధ్రప్రదేశ రాష్ట్రమంతటికి వర్తించు చట్టము 1988లో వచ్చినది. అచటను సమర్పించినవారు తలిదండ్రులే. తండ్రి సమ్మతి యను కవచము ఎంత పలుచనో ఆ బాలికల బ్రదుకులు చూపినవి.

ఇక నాటకశాలకు వత్తము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ప్రారంభించిన నాటకసమాజము కుటుంబముల సమాజము. అందు పిల్లలు తెఱ వెనుకనే పుట్టి, తెఱ ముందుకు వచ్చి పెరిగిరి. ఆ సమాజపు నటి సురభి కమలాబాయిగారే 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ప్రహ్లాదుడు కృష్ణారావను బాలుడు. గమనింపుడు! తెలుగువారి తొలి మాటల చిత్రమునకు కథానాయకుడే ఒక పిల్లవాడు. 1936లో చిత్తజల్లు పుల్లయ్యగారు పిల్లలనే పాత్రధారులుగా బెట్టి 'సతీ అనసూయ'ను దీసిరి. తరువాత ప్రసిద్ధి కెక్కిన కృష్ణవేణిగారు అందు బాలనటి. 1939లో వరకట్నమును ఖండించు 'వరవిక్రయము' చిత్రముగా వచ్చినప్పుడు కాళింది వేషము ధరించిన భానుమతిగారు సుమారు పదమూడేండ్ల బాలిక. వరుని వెలగట్టి యమ్ము తండ్రులను జూచి సంస్కారప్రియులు కన్నీరు గార్చిరి. ఆ కన్నీరు దెప్పించిన బాలనటులు దినమునకు ఎన్ని గంటలు దీపముల వేడిలో నిలువవచ్చును, వారి వేతనము ఎవరిది, చదువు ఎప్పుడు అను ప్రశ్నలకు ఆనాటి చట్టములలో సమాధానము లేదు.

ఇతర దేశములు ఈ ప్రశ్నలను ఎట్లెదుర్కొన్నవో చూతము. ఇంగ్లండులో 1879లో పదునాలుగేండ్ల లోపు పిల్లలను ప్రాణాపాయకరమైన విన్యాసములలో నాడింపరాదని చట్టమైనది. 1889లో పిల్లలపై క్రౌర్యమును నిరోధించు చట్టము వచ్చినది. దానిచే పదేండ్ల లోపు పిల్లలను ప్రదర్శనలలో నాడించుట నిషిద్ధమైనను, ఏడేండ్లు నిండినవారికి న్యాయాధికారి యనుమతి నొసగవచ్చును. వీథిలో పాట పేర, ఆట పేర బిచ్చమెత్తించుట మాత్రము ఎట్టి యనుమతియు లేని నేరము. నాటకశాలలోని బిడ్డకు అనుమతిపత్రము, వీథిలోని బిడ్డకు నిషేధము. ఈ విభజన అచటనే కనబడుచున్నది.

అమెరికా కథ వేఱు. 1921లో చాప్లిను 'ది కిడ్' చిత్రమున నటించిన జాకీ కూగన్ అను బాలుడు ముప్పది నలువది లక్షల డాలర్లు ఆర్జించెనని అంచనా. పెరిగి పెద్దవాడై తన ధన మేదని యడుగగా, మైనరు సంపాదన చట్టప్రకారము తలిదండ్రులదే యని యింటివారు చెప్పిరి. 1938లో అతడు తల్లిమీదను మారుతండ్రిమీదను వ్యాజ్యము వేసెను. తుదకు దక్కినది 1,26,000 డాలర్లు మాత్రము. దాని ఫలితముగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రము బాలనటుల సంపాదనలో కొంత భాగమును వారికై వేఱుగా దాచు చట్టమును చేసినది. 1933 నాటి మన చట్టము తలిదండ్రులు పేదఱికముచే బిడ్డ నమ్ముటను జూచినది. కాలిఫోర్నియా చట్టము తలిదండ్రులు ఐశ్వర్యములోను బిడ్డ సొమ్ము దినుటను జూచినది. రెంటి సారాంశ మొక్కటే: బిడ్డ శ్రమకు తండ్రి కావలివాడే గాని యజమాని గాడు.

స్వతంత్రభారతమున 1950 నాటి రాజ్యాంగము 24వ అధికరణముచే పదునాలుగేండ్ల లోపువారిని కర్మాగారములలోను, గనులలోను, అపాయకరమైన పనులలోను బెట్టరాదని శాసించినది. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టము వచ్చినది. దాని నిర్వచనములలో నాటకశాల, వినోదస్థలము అను మాటలు చేరినవి. రాత్రి ఏడు గంటలు మొదలు ఉదయము ఎనిమిదింటి వఱకు పిల్లలచే పని చేయింపరాదను నియమమును గలదు. కాని బాలనటునకు ప్రత్యేకానుమతి, వాని యార్జనకు రక్షణ అను తలంపులు అందు లేవు. 1997లో పిల్లలే సకలపాత్రలను ధరించిన 'రామాయణం' తెలుగున వచ్చి జాతీయ బహుమానము పొందునాటికిని స్థితి యదియే. 'సతీ అనసూయ' మొదలు అప్పటికి అఱువది యొక్క సంవత్సరములు గడచినవి.

ఈ మౌనమును చెఱచినది చలనచిత్రములు గాదు, సర్కసు. సర్కసు కంపెనీలలో పిల్లలు బడు బాధలపై వచ్చిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు 2011 ఏప్రిలు 18న తీర్పు చెప్పుచు, సర్కసులలో పిల్లలను నియమించుటను నిషేధించు ప్రకటన వెలువరింపవలెనని కేంద్రప్రభుత్వము నాదేశించెను. పిమ్మట 2016 సవరణచట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఏ వృత్తిలోను నియమింపరాదని సామాన్య నిషేధము చేసి, రెండు మినహాయింపుల నిచ్చెను. బడివేళ గాని సమయమునను, సెలవులలోను కుటుంబవృత్తికి తోడ్పడుట యొకటి. చలనచిత్రములు, దూరదర్శిని ధారావాహికలు, ప్రకటనలు మొదలైన వినోదరంగమున కళాకారుడుగ పాల్గొనుట రెండవది. సర్కసును రెండవదానినుండి తొలగించిరి.

2017 జూనులో వెలువడిన నియమములు రెండవ మినహాయింపునకు రూపమిచ్చినవి. బిడ్డను దినమునకు ఐదు గంటలకు మించి పనిచేయింపరాదు. విశ్రాంతి లేక మూడు గంటలు దాటరాదు. వరుసగ ఇరువది యేడు దినములకు మించరాదు. నిర్మాత, ప్రదర్శన జరుగు జిల్లా మేజిస్ట్రేటు వద్ద అనుమతి పొందవలెను. పాల్గొను పిల్లల పట్టికయు, తలిదండ్రుల సమ్మతియు సమర్పింపవలెను. ఆ యనుమతి ఆఱు నెలలు చెల్లును. ఐదుగురు పిల్లలకు మించకుండ ఒక బాధ్యుడైన వ్యక్తి కావలి యుండవలెను. బిడ్డ యిష్టమునకు విరుద్ధముగ ఆడింపరాదు. చదువు సాగునట్లు చూడవలెను. వచ్చిన యాదాయములో నూటికి ఇరువది వంతులకు తక్కువ గాకుండ, జాతీయ బ్యాంకులో బిడ్డ పేర ఫిక్సెడు డిపాజిట్టుగ వేయవలెను. మేజరైన పిదప అది బిడ్డకు జెందును. మా మిత్రుని యింట తెఱమీద మెఱసి మాయమైన ప్రకటనయు ఈ నియమముల ప్రకారము వచ్చినదే.

ఇచట మన జిల్లాకు సంబంధించిన విశేష మొకటి గలదు. సవరణచట్టము 2016 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చినది. పూర్వపు మహబూబునగరు జిల్లానుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినది అదే సంవత్సరము అక్టోబరు 11న. నలువది దినముల యెడముతో, బాలనటులకు అనుమతి నొసగు నధికారము కొఱ కొక చట్టమును, ఆ యధికారము వహింప ముగ్గురు కలెక్టర్లును మనకు గలిగిరి. నల్లమలలోనో, సోమశిల కడ కృష్ణ యొడ్డుననో బిడ్డతో చిత్రము దీయదలచినవారు నాగర్‌కర్నూలు కలెక్టరు నడుగవలసినదే.

సంతలో త్రాటిపై నడచిన బిడ్డ తండ్రి అదే కార్యాలయమునకు బోయి అనుమతి యడిగినచో నేమగును? దొరకదు. కళాప్రదర్శనలు అను మాటను వివరించుచు, కేంద్రప్రభుత్వము ఒక్కొక్క సందర్భమున అనుమతించు నితర ప్రదర్శనలను గూడ చేర్చిన నియమము, ధనాపేక్షతో చేయు వీథిప్రదర్శన అందు జేరదని స్పష్టముగ చెప్పినది. పోనిండు, కుటుంబవృత్తి యను మొదటి మినహాయింపు క్రిందికి వచ్చునా యనిన, అచటను కుటుంబమునకు రాబడి తెచ్చు పనిలో బిడ్డ పాలుగొనరాదనియు, రాత్రి ఏడింటి తరువాత పని కూడదనియు నియమములు గలవు. చిందు యక్షగానము సాగునది రాత్రులందు. నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మగారు బాల్యముననే వేషము గట్టి ఆ కళకే పేరు దెచ్చిరి. మన నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగిలయ్యగారు వంశక్రమమున వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరను వాయించి 2022లో పద్మశ్రీ నందిరి. ఇట్టి విద్యలు పాఠశాలలో నేర్పబడలేదు. పెద్దలతోడ పిల్లలు తిరుగుటచేతనే నిలిచినవి. పెద్దవాడైన పిదప కళాకారునకు మనము బిరుదు లిచ్చుచున్నాము. వాడా విద్య నేర్చిన బాల్యమునకు మన చట్టమున చోటు లేదు.

అయినచో చట్టము తప్పా? అట్లనుట మా యభిప్రాయము గాదు. వీథిప్రదర్శనను మినహాయించుటకు కారణము గలదు. అచట నిర్మాత యనువాడు లేడు, కావలివాడు లేడు, లెక్క లేదు. అనుమతి నిచ్చినచో బిచ్చపు వ్యాపారము చేయువారు దానిని వాడుకొందురను భయము నిజమైనదే. త్రాటిపై ఎత్తున నడచుట యపాయకరము. దానిని బిడ్డకు నిషేధించుటలో ఇంగ్లండు 1879లో చూపిన వివేకము సరియైనదే. కాని నిషేధించిన పిదప ఆ బిడ్డను బడిలో జేర్చు పని ఎవరిది? ఆ పూట యన్నము ఎక్కడిది? కెమెరా ముందరి బిడ్డకు నిషేధముతో బాటు రక్షణయు వచ్చినది. వీథిలోని బిడ్డకు నిషేధము మాత్రము వచ్చినది. రక్షణ లేని నిషేధము బిడ్డను ఆటనుండి తప్పింపదు, ఊరినుండి మాత్రము తప్పించును. పోలీసును జూచి బృందము ప్రక్క యూరికి బోవును. మేము మఱ్ఱిచెట్టు క్రింద జూచిన బూడిద యదియే.

చేయదగిన పనులు అసాధ్యమైనవి గావు. అపాయకరమైన విన్యాసములు వేఱు, పాట, వేషము, వాద్యము వేఱు. మొదటివానిని నిషేధించి, రెండవవానికి నియమములోనే యున్న ప్రత్యేకానుమతిని సులభము చేయవచ్చును. జాతరలకును ఉత్సవములకును ప్రభుత్వశాఖలు బృందములను పిలిపించి సొమ్మిచ్చునప్పుడు, చలనచిత్ర బాలునకు వలెనే ఇరువది వంతులు బిడ్డ పేర బ్యాంకులో వేయవచ్చును. చదువు విషయమున చట్టము ఇదివఱకే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఐదవ సెక్షను ప్రకారము, ఊరు మాఱిన బిడ్డ మఱియొక బడిలో జేరుటకు హక్కు గలది. బదిలీపత్రము ఆలస్యమైనదను కారణమున చేర్చుకొనకుండుట తగదు. ఈ సెక్షనును చదివియు, మూడు దినములుండి పోవు బిడ్డను పట్టికలో వ్రాసికొని యేమి ప్రయోజనమని యుపేక్షించిన యుపాధ్యాయులలో మేమును ఉన్నాము. ఈ తప్పు చట్టముది గాదు, మాది.

గృహస్థులైన చదువరులకు ఒక్క మాట. మన పిల్లలు బాగుగ పాడినచో, ఆడినచో, వారిని తెఱమీద చూడవలెనని మనకును కోరిక గలదు. అది దోషము గాదు. కాని అనుమతిపత్రముపై సంతకము చేయునది మనమే గాన, సంతకమునకు ముందు బిడ్డ నడుగుట మన విధి. ఎన్ని గంటలు నిలువబెట్టుదురు? బడి యెన్ని దినములు పోవును? ఓడిపోయి కన్నీరు బెట్టుకొన్న ముఖమును కెమెరా చూపునా? ధనము ఎవరి ఖాతాలో పడును? ఈ ప్రశ్నల నడుగని తండ్రికిని, పళ్లెము పట్టుకొన్న తల్లికిని తారతమ్య మేమైనను ఉన్నయెడల, అది ఆ తల్లికే అనుకూలము. ఆమెకు ఆకలి యున్నది.

మా విద్యార్థి యడిగిన ప్రశ్న మిగిలియున్నది. ఆ బిడ్డ ఏ తరగతియో మేము నేటికిని చెప్పలేము. కాని మా బడి హాజరుపట్టికలో తుదిపుట నొకదానిని విడిగా నుంచితిమి. ఆ సంతకు మరల బృందము వచ్చినయెడల, డప్పు మ్రోగకముందే మఱ్ఱిచెట్టు క్రిందికి బోయి, బిడ్డ పేరును వయస్సును వ్రాసికొని, ఉన్నన్ని దినములు బడికి బిలిచి, పోవునప్పుడు తరువాతి యూరి బడికి చీటి వ్రాసి యిత్తుము. చదువరులలో నింకను ఎవరైన నట్టి పుట నొకటి తెఱచినచో, ఆ చీటి చేరుటకు చోటుండును.